ముండా పహాడ్ మీద ఒక సాయంత్రం



జనవరి ఆఖరులో మేం అయిదుగురం అండమాన్ వెళ్ళొచ్చాం. ఫోటోలు చూసిన దగ్గర్నుంచి "ఎలా వెళ్ళారు, ఏం చూశారు, జరావాలని చూశారా" అని ఒకటే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరం కూచుని ఒకేచోట రాస్తున్నాం. కొంచెం పొడుగే అవుద్ది, ఓపిగ్గా చదవండి. ఎక్కువగా చెప్పేది ఒక్క సాయంత్రం గురించే. చిడియా టాపు దగ్గర ముండా పహాడ్ అనే కొండెక్కి పొద్దు గూకడం చూసిన సాయంత్రం.

ముందు మేమెవరమో చెప్పాలి. ఇద్దరం కోయోళ్ళం, ఒకరిది భద్రాచలం వైపు, ఇంకొకరిది కూనవరం వైపు. ఒకమ్మాయిది పాడేరు పైన కొండ, ఇంట్లో కువి మాట్లాడతారు. ఒకతను సీతంపేట సవర. ఇంకొకతను అరకు దగ్గర బగత. అయిదుగురం హాస్టళ్ళలోనే పెరిగాం, ఒకే యూనివర్సిటీలో చదివాం. ట్యూషన్లు చెప్పి, సర్వే పనులకి తిరిగి దాచుకున్న డబ్బులతో విశాఖలో ఓడెక్కాం. అన్నిటికన్నా చవక క్లాసు, బంకుల మీద పడుకోవడం. దాదాపు మూడు రోజుల ప్రయాణం. మొదటి రోజు ముగ్గురికి వాంతులు. రెండో రోజు నుంచి ఎగిరే చేపల్ని లెక్కపెట్టుకుంటూ కూచున్నాం.

ఓడలోనే ఒక విషయం మీద పెద్ద వాదన అయింది. అండమాన్ వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది బారాటాంగ్ వెళ్తారు, సున్నపురాయి గుహలు చూడ్డానికి. ఆ రోడ్డు జరావాల రిజర్వు అడవిలోంచి పోతుంది. పోలీసు కాపలాతో బళ్ళన్నీ వరసగా వెళ్ళాలి, ఎక్కడా ఆపకూడదు, ఫోటో తీయకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం ఉంది. 2012లో దాన్ని ఇంకా గట్టి చేసి జైలు శిక్షలు పెంచారు. మాలో ఒకరు "రోడ్డు మీద పోవడంలో తప్పేముంది, గుహలే కదా చూసేది" అన్నారు. అరకు మిత్రుడు ఒకటే మాట అన్నాడు. "మా ఊరి దగ్గర టూరిస్టు బస్సు ఆగితే ఏమవుద్దో మీకు తెలీదు. నీళ్ళు మోసుకెళ్తున్న మా పెద్దమ్మని ఆపి, నవ్వమని ఫోటో తీశారు. బస్సు అద్దం లోపలి నుంచి చూసేవాడికి తప్పేం కనబడదు. బయట నిలబడ్డోళ్ళకి తెలుస్తది." ఆ మాట తర్వాత ఇంకెవరూ మాట్లాడలేదు. బారాటాంగ్ మానేశాం. జరావాల్ని చూశారా అని అడిగినవాళ్ళందరికీ మా జవాబు ఇదే. చూడలేదు, చూడ్డానికి వెళ్ళలేదు.

ఆ బదులుగా మిగిలిన రోజున ముండా పహాడ్ పెట్టుకున్నాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్న ఊరి నుంచి, దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో చిడియా టాపు ఉంది. హిందీలో చిడియా అంటే పిట్ట, టాపు అంటే ద్వీపం. పేరుకే ద్వీపం గానీ, దక్షిణ అండమాన్ దీవికి కింది కొస అది. సాయంత్రం కొండదారిలో తెలిసిన మనిషి లేకుండా పోవద్దని మేం దిగిన లాడ్జి వాళ్ళు చెప్పి, ఒక గైడుని మాట్లాడి పెట్టారు. యాభై దాటిన మనిషి. అక్కడ అందరూ పిలిచినట్టే మేమూ మొదట "దాదా" అన్నాం. కాసేపయ్యాక ఆయన "ఏటి బావూ, అలా సూత్తారు, నడవండి" అన్నాడు. మేం నోరు తెరిచేశాం. అచ్చం శ్రీకాకుళం యాస! అక్కడి చేపల రేవుల్లో మనవైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది. చిన్నప్పట్నుంచి వాళ్ళ పిల్లలతో ఆడి ఆ తెలుగు వచ్చిందట. అప్పట్నుంచి ఆయన మాకు బాబాయ్ అయిపోయాడు.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, వెళ్ళేవాళ్ళకి పనికొస్తది. అండమాన్ మనకి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకని జనవరి ఆఖరులో అక్కడ సాయంత్రం 5.20 ప్రాంతానికే సూర్యుడు మునిగిపోతాడు. విశాఖలో ఇంకా ఎండ ఉండే టైముకి అక్కడ చీకటి పడిపోద్ది. మేం మూడున్నర లోపే ఎక్కడం మొదలుపెట్టాం.

దారి మొదలయ్యేది సముద్రం ఒడ్డున. అక్కడ నీళ్ళలో దిగొద్దు, ఉప్పునీటి మొసళ్ళుంటాయి. చిడియా టాపు ఒడ్డు పొడుగునా పెద్ద పెద్ద మాన్లు ఎండిపోయి, బెరడు ఊడిపోయి, ఎముకల్లాగ నిలబడి ఉన్నాయి. కొన్ని పడిపోయి సగం ఇసకలో, సగం నీళ్ళలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26న భూకంపం వచ్చినప్పుడు ఈ వైపు నేల దాదాపు ఒక మీటరు కుంగింది. నిన్నటిదాకా గట్టు మీదున్న అడవి మర్నాటికి ఉప్పునీళ్ళలో ఉంది. చెట్టు ఎక్కడికీ పోలేదు కదా, నిలబడ్డచోటే చచ్చిపోయింది. కూనవరం మిత్రుడు ఆ మోళ్ళ దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. బాబాయ్ "మీ ఊరెక్కడ బావూ" అనడిగితే, "గోదారి ఒడ్డున బాబాయ్. డ్యాం నీళ్ళొస్తే మా ఊరూ ఇట్టాగే ఉంటది" అన్నాడు. పోలవరం అంటే ఆయనకి తెలీదు. కానీ నీళ్ళ కిందికి పోయే ఊరంటే ఏంటో చెప్పక్కర్లేకపోయింది.

కొండ పెద్దదేం కాదు. 1,680 మీటర్ల అర్మ కొండ ఎక్కినోళ్ళకి ఇది గుట్ట కింద లెక్క. ఒకవైపు రెండు కిలోమీటర్ల లోపే నడక. కానీ అడవి మాత్రం మన అడవి లాంటిది కాదు. మన దగ్గర మాఘమాసానికి ఆకు రాలి, కింద గలగలలాడుతూ ఉంటుంది. అక్కడ తడిగా, చీకటిగా, పచ్చగా ఉంది. దారికి అడ్డంగా వేళ్ళు మెట్లలాగా ఉన్నాయి. బెత్తం తీగలు చొక్కా పట్టుకుని లాగుతాయి. ఒడ్డు దగ్గర మొగలి పొదలు, లోపలికి పోతే గుర్జన్ మాన్లు, మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూడాల్సినంత ఎత్తు. బాబాయ్ ముందు నడుస్తూ, "ఇక్కడ పులి లేదు, ఎలుగు లేదు. జింకలున్నాయి, అవి కూడా తెల్లోళ్ళు తెచ్చి వదిలినవే. నేల మీద జెర్రి ఉంటది, రాయి మీద చెయ్యేసే ముందు చూసుకోండి" అన్నాడు.

ఒకచోట పాత మొద్దు కనబడింది. పైన నాచు, ఒక పక్క పెచ్చు లేచి లోపల ఎర్రగా ఉంది. పాడేరు అమ్మాయి ముట్టుకుని చూసి "ఇది మా యేగిస లాగుందే" అంది. బాబాయ్ దాన్ని పడౌక్ అన్నాడు. ఆమె బోటనీ చదివింది కాబట్టి అక్కడే మాకు చెప్పేసింది. షుగరున్నోళ్ళు చెక్క గ్లాసులో నీళ్ళు పోసి తాగుతారే, ఆ యేగిస, శేషాచలం ఎర్రచందనం, ఈ అండమాన్ పడౌక్, మూడూ ఒక్క ప్రజాతి చెట్లే. బాబాయ్ ఆ మొద్దు మీద అరచెయ్యి పెట్టి, "ఈ చెట్లు కొట్టడానికే మా తాతని రాంచీ నుంచి ఓడెక్కించారు" అన్నాడు.

ఆయన కథ అక్కణ్ణుంచి మొదలైంది. అండమాన్‌లో "రాంచీవాళ్ళు" అని ఒక పెద్ద సమూహం ఉంది. ఛోటానాగ్‌పూర్ ప్రాంతం నుంచి ఉరావ్, ముండా, ఖడియా ఆదివాసుల్ని 1918 నుంచి అడవి కొట్టడానికి, రోడ్లు వేయడానికి కూలీలుగా తెచ్చారు. కొందరు గడువు అయ్యాక తిరిగి వెళ్ళారు, చాలామంది ఉండిపోయారు. బాబాయ్ వాళ్ళ నాన్న ఉరావ్, అమ్మ ముండా. ఇంట్లో కుడుఖ్ కొంచెం, ముండారీ కొంచెం, బయట అందరితో సాద్రీ, బడిలో హిందీ.

మా కోయ మిత్రుడు ఊరికే, "కుడుఖ్‌లో ఒకటీ రెండూ చెప్పు బాబాయ్" అన్నాడు. ఆయన చెప్తూ మూడుకి "మూంద్" అనగానే మావాడు ఎగిరి గంతేశాడు. కోయలో మేం "మూండు" అంటాం. కంటికి వాళ్ళ మాట "ఖన్న్". చెట్టుకి "మన్న్", మన "మాను" లాంటిదే. కుడుఖ్ కూడా మన కోయ, కువి, గోండి, తెలుగుల్లాగే ద్రావిడ భాష అని మేం పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. కానీ సముద్రం మధ్యలో, చెమటలు కక్కుతూ కొండెక్కుతుంటే ఒక మనిషి నోటి నుంచి వినడం వేరు. సవర మిత్రుడు మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, "మరి నాకేం లేదా" అన్నాడు. బాబాయ్ నీళ్ళ సీసా ఎత్తి, "మా అమ్మ దీన్ని దా అంటుంది" అన్నాడు. సవరలో నీళ్ళని "డాఆన్" అంటారు. సవర, ముండారీ రెండూ ఒకే కుటుంబం. ఇక ఆ తర్వాత మిగతా దారంతా వాళ్ళిద్దరూ మమ్మల్ని పట్టించుకోలేదు!

అరకు అతను "మరి నేను?" అన్నాడు. "నువ్వు తెలుగోడివి, నీకు పోర్ట్ బ్లెయిర్ అంతా చుట్టాలే" అని నవ్వాం.

పైకి వచ్చేసరికి అడవి ఒక్కసారిగా తెరుచుకుంది. గడ్డి, రాళ్ళు, కిందికి నిలువుగా దిగిపోయే గట్టు, ఆపైన సముద్రం. గాలి ఎంతుందంటే మాట వినబడాలంటే అరవాలి. పొడవు తోక చివర రెండు ఆకుల్లాంటి ఈకలుండే నల్ల పిట్ట ఒకటి మా పక్క కొమ్మ మీదికొచ్చి కూచుంది. అది మన మన్యంలోనూ ఉండేదే. ఎదురుగా సన్నటి జలసంధికి అవతల నల్లటి కొండలతో ఒక పెద్ద దీవి. సూర్యుడు ఆ కొండల పక్కగా దిగుతున్నాడు. ముందు పసుపు, తర్వాత కుంకుమ, తర్వాత ఆ పడౌక్ మొద్దు లోపలి రంగు. నీళ్ళ మీద ఆ రంగు మా కింది గట్టు దాకా దారిలాగా పరుచుకుంది. అందరూ ఫోన్లు తీశారు. చెప్పొద్దూ, మేమూ తీశాం, చాలా బాగా వచ్చాయి.

"ఆ దీవి పేరేంటి బాబాయ్?"

"రట్లాండ్."

ఆ పేరు వినగానే మాలో ఆంత్రోపాలజీ చదివినవాళ్ళం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రట్లాండ్ జంగిల్ అనే తెగవాళ్ళ దీవి. వాళ్ళతో బయటివాళ్ళు మాట్లాడిందే చాలా తక్కువ. 1907 తర్వాత వాళ్ళని చూసినట్టు నమోదు లేదు. 1920లు వచ్చేసరికి ఆ దీవిలో వాళ్ళెవరూ మిగల్లేదు. బయటి నుంచి వచ్చిన జబ్బులే వాళ్ళని తుడిచేశాయని పరిశోధకులు అంటారు. భాష గురించి దాదాపు ఏమీ తెలీదు. వాళ్ళు సూర్యుణ్ణి ఏమనేవాళ్ళో చెప్పగల మనిషి లోకంలో లేడు. మేం కిందట్నుంచి "మూంద్, మూండు" అని ఆడుకుంటూ వచ్చాం కదా, ఎదురుగా ఉన్న కొండలకి అలా అడగడానికి ఒక్క మాట కూడా మిగల్లేదు.

గ్రేట్ అండమానీస్ కథ కూడా దగ్గర దగ్గర అంతే. 1858లో ఇంగ్లీషువాళ్ళు ఖైదీల వలస పెట్టినప్పుడు వాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారు. 1859 మే నెలలో బాణాలు పట్టుకుని ఆ వలస మీదికి యుద్ధానికి కూడా వచ్చారు. అబర్దీన్ యుద్ధం అంటారు, పోర్ట్ బ్లెయిర్‌లో దాని గుర్తుగా స్తూపం ఉంది. తుపాకుల కన్నా జబ్బులే వాళ్ళని ఎక్కువ చంపాయి. 1877లో తట్టు వచ్చి ఊళ్ళకి ఊళ్ళు పోయాయి. 1961 జనాభా లెక్కల్లో వాళ్ళు 19 మంది. 2011లో 44 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన 'బో'ని మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అనే ముసలమ్మ, 2010 జనవరిలో చనిపోయింది. ఆ మాటలో తనతో పలికేవాళ్ళు లేకుండానే ఆవిడ చాలా ఏళ్ళు బతికింది.

మేం ఇదంతా చెప్తుంటే బాబాయ్ విన్నాడు. చాలాసేపు సముద్రం వైపే చూసి, అన్నాడు: "మా తాత కొట్టిన అడవి వాళ్ళదే కదా. మా తాతకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గొడ్డలి ఇచ్చారు, కొట్టమన్నారు." ఆ మాటకి ఏం చెప్పాలో మాకు తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా తోచట్లేదు. ఒక ఆదివాసీని వాడి అడవి నుంచి తెచ్చి, ఇంకో ఆదివాసీ అడవిని వాడి చేత్తోనే కొట్టించడం. దీంట్లో తాత తప్పేముంది? కానీ చెట్టు మాత్రం పడింది. రట్లాండ్ మాత్రం ఖాళీ అయింది.

పొద్దు మునిగాక పది నిమిషాలు కూడా వెలుగు లేదు. బాబాయ్ టార్చి వెలిగించి, మమ్మల్ని వరసలో పెట్టి దించాడు. ముందు ఆయన, చివర భద్రాచలం మిత్రుడు, మధ్యలో మిగతావాళ్ళం. దిగేటప్పుడు మాటలు ఇంకో వైపు మళ్ళాయి. పాడేరు అమ్మాయి, "బాబాయ్, మీ పిల్లలు ఏ హాస్టల్లో చదివారు, ట్రైబల్ వెల్ఫేర్‌దేనా?" అని మామూలుగా అడిగింది. ఆయన నవ్వాడు. "మేం ఇక్కడ ట్రైబల్ కాదమ్మా."

మనలో ఎంతమందికి ఇది తెలుసో గానీ, అందరికీ తెలియాలని రాస్తున్నాం. రాజ్యాంగం 342వ అధికరణ ప్రకారం ఎస్టీ జాబితా దేశం మొత్తానికి ఒకటి కాదు. ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే, ఏ కేంద్రపాలిత ప్రాంతానిది దానికే. ఉరావ్, ముండా జార్ఖండ్‌లో ఎస్టీలు. అండమాన్ జాబితాలో ఉన్నవి ఆరే: అండమానీస్, జరావా, నికోబారీస్, ఓంగే, సెంటినలీస్, షోంపెన్. రాంచీవాళ్ళు అందులో లేరు. నూరేళ్ళు దాటినా లేరు. అస్సాం తేయాకు తోటలకి తీసుకెళ్ళిన వాళ్ళ అన్నదమ్ములదీ ఇదే పరిస్థితి. ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు దక్కించుకోడానికి గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల సంగతి మనకి తెలిసిందే. భాష మనదే, గోత్రాలు మనవే, సర్టిఫికెట్ మాత్రం లేదు.

సర్టిఫికెట్ లేకపోతే ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది. అటవీ హక్కుల చట్టం 2006 తీసుకోండి. మన ఊళ్ళలో పోడు పట్టాకి, ఎస్టీ అయితే 2005 డిసెంబరు 13కి ముందు నుంచి ఆ భూమి మీద ఉన్నట్టు చూపిస్తే చాలు. ఎస్టీ కాకపోతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అడవి మీద బతికినట్టు చూపించాలి. గొడ్డలి చేతికిచ్చి అడవిలో దింపినోళ్ళు తాతకి కాగితం ఇచ్చారా? బాబాయ్ ఇల్లున్న నేలకి ఇప్పటికీ పట్టా లేదు. పెద్దమ్మాయికి మంచి మార్కులొచ్చి కూడా సీటు దగ్గర ఆగిపోయిందని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. టార్చి కింద వేరు చూపించి "ఇక్కడ కాలు జారుద్ది, చూసుకో" అన్నంత మామూలుగా చెప్పాడు. మాకే గొంతు పట్టేసింది.

మేం అయిదుగురం ఆ కాగితం మీదే చదువుకున్నాం. హాస్టల్, స్కాలర్‌షిప్, సీటు, అన్నీ. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు తిట్టుకున్నాం గానీ, అది లేకపోతే మేమెక్కడుండేవాళ్ళమో అని అంత దగ్గరగా ఎప్పుడూ ఆలోచించలేదు. మా ముందు నడుస్తున్న మనిషికీ మాకూ తేడా, వాళ్ళ తాత ఓడెక్కాడు, మా తాతలు ఎక్కలేదు. అంతే.

నిజానికి మనవాళ్ళూ ఆ ఓడెక్కారు. ముందురోజు సెల్యులార్ జైలు చూశాం. 1896 నుంచి 1906 దాకా కట్టింది. 1922–24 మన్యం పితూరీలో పట్టుబడినవాళ్ళలో కొందర్ని అక్కడికే పంపారు. మన బడుల్లో అల్లూరి గురించి చెప్తారు, చెప్పాలి కూడా. కానీ ఆయన వెనక నడిచి, దొరికిపోయి, ఆ గదుల్లోకి పోయిన కోయ, కొండదొర, బగత పెద్దల పేర్లు మనలో ఎంతమంది చెప్పగలం? వాళ్ళ కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూశారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు?

వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నాలుగు మాటలు. గట్టి బూట్లు, టార్చి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. వానాకాలం అయితే జలగలకి ఉప్పు పెట్టుకోండి. మూడున్నరకల్లా కొండ మొదట్లో ఉండండి. గైడుగా ఎవరొచ్చినా ఆయన ఇంటిమాట ఏదో అడగండి, డబ్బుల దగ్గర బేరం ఆడకండి. జరావా రోడ్డు సంగతి మీలో మీరు ఒకసారి మాట్లాడుకున్నాకే నిర్ణయం తీసుకోండి.

వెళ్ళలేని వాళ్ళకి ఒక పని. మీ ఊళ్ళో పెద్ద వయసు వాళ్ళుంటారు. ఈ వేసవికి ఇంటికెళ్ళినప్పుడు అడగండి: పితూరీ కాలంలో మన ఊరి నుంచి ఎవర్నైనా సముద్రం దాటించారా, వాళ్ళ పేరేంటి, ఏ ఇంటివాళ్ళు. పేరు దొరికితే మనమాటలోనే రాసి పెట్టండి. మేమూ మా ఊళ్ళలో మొదలుపెట్టాం. ఇప్పటికి దొరికినవి రెండు.